పాత ఇంటికి ధర కట్టేటప్పుడు

కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా, కొబ్బరి తోటల నడుమ తాళం వేసిన పాత ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. పెద్దలు అల్లాహ్ సన్నిధికి చేరుకొని ఉంటారు. బిడ్డల్లో ఒకరు కువైట్‌లో, ఒకరు హైదరాబాదులో, ఆడపిల్లలు అత్తవారిళ్ళలో ఉంటారు. పెంకుల మీద నాచు పేరుకుంటుంది, దూలాలకు చెదలు పడతాయి, చివరికి ఆ ఇల్లు అమ్మకానికి వస్తుంది. అదే సమయంలో, ఎడారి దేశాలలో పదేళ్ళు చెమటోడ్చిన మరొకరు సొంత ఊరిలో ఒక గూడు కావాలన్న ఆశతో తిరిగి వస్తారు. వీరిద్దరూ ఎదురుపడిన చోట ఒక ప్రశ్న పుడుతుంది: ఈ ఇంటికి ఎంత అడగాలి?

నమాజు గురించి, నికాహ్ గురించి, జకాత్ గురించి మా వంటి వారిని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్న అడిగేవారు అరుదు. బేరం అనేది దీన్‌కు సంబంధం లేని తెలివితేటల వ్యవహారమని మనలో చాలామంది అభిప్రాయం. మన ఫిఖహ్ గ్రంథాలలో క్రయవిక్రయాల అధ్యాయం ఎంత విస్తారంగా ఉంటుందో తెలిసినవారు ఈ మాట అనరు.

గత సంవత్సరం నా సోదరి కుమారుడు కువైట్ నుంచి శాశ్వతంగా తిరిగి వచ్చాడు. పదకొండేళ్ళ కష్టార్జితం 34 లక్షల రూపాయలు చేతిలో ఉన్నాయి. అమలాపురానికీ రాజోలుకూ మధ్య ఒక గ్రామంలో ఎనిమిది సెంట్ల స్థలంలో ఉన్న మండువా లోగిలిని చూసి వచ్చి, "మామూ, వాళ్ళు పదిహేను లక్షలు చెబుతున్నారు. పై కప్పు కారుతోంది, ఇంకో వానాకాలం ఆ ఇంట్లో గడపలేరు. పన్నెండుకు అడుగుతాను. మీరు పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు.

పక్కన కూర్చోవడానికి నేను వెంటనే అంగీకరించలేకపోయాను. దానికి ఒక పాత కారణం ఉంది.

1996 నాటి ఒక అమ్మకం

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానును కోనసీమలో పెద్దవారెవరూ మరచిపోరు. వందల ప్రాణాలు పోయాయి, తరతరాలుగా పెంచిన కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ రాత్రి మా నాన్నగారి ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి. గోడలు మాత్రం నిలిచాయి. చేతిలో డబ్బు లేదు, ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్నారు. నెల తిరగకుండానే ఒకాయన వచ్చి, "ఈ మొండి గోడలకు ఎవరేమిస్తారు?" అంటూ ఒక ధర చెప్పాడు. నాన్నగారు ఒప్పుకున్నారు. ఆ గోడల మీదనే కొత్త కప్పు వేసుకొని ఆయన చాలా సంవత్సరాలు సుఖంగా నివసించాడు. నాన్నగారు ఆ వీధిలోంచి నడవడం మానుకొన్నారు.

ఆ వ్యక్తి చట్ట విరుద్ధమైన పని ఏదీ చేయలేదు. నాన్నగారు నోటితో ఒప్పుకొని, చేత్తో సంతకం చేశారు. ఒకరి సొమ్ము మరొకరు తినడానికి పరస్పర అంగీకారంతో జరిగే వర్తకం తప్ప వేరే మార్గం లేదని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 29వ ఆయతులో బోధిస్తోంది. కప్పు లేని ఇంట్లో ఆడపిల్లలతో కూర్చున్న మనిషి చెప్పిన "సరే" ఎంతవరకు అంగీకారం? గత్యంతరం లేని వాని నుంచి అతి తక్కువ ధరకు కొనడాన్ని మన ఫుఖహా నిరసించింది ఇందుకే.

అందువల్ల మా మేనల్లుడితో ఇలా అన్నాను: "పన్నెండు అన్న అంకె నీకు ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్ళ ఇబ్బంది నుంచి వచ్చింది. ఇంటి నుంచి రాలేదు. ముందు ఇంటిని చూద్దాం."

ఇంటిని చూసే పద్ధతి

ఒక తాపీ మేస్త్రినీ, ఒక వడ్రంగినీ వెంట తీసుకొని వెళ్ళాము. ఇల్లు కొన్నా కొనకపోయినా ఆ రోజు కూలి మీదేనని వారికి ముందే చెల్లించాము. పని తనకే వస్తుందని ఆశించేవాడు ఖర్చు తగ్గించి చెబుతాడు, కొనవద్దని చెప్పేవాడు పెంచి చెబుతాడు. కూలి పుచ్చుకున్నవాడికి ఆ రెండు అవసరాలూ ఉండవు. వాన కురిసిన మర్నాడే వెళ్ళడం కూడా మేలైంది. ఎండాకాలంలో పాత ఇల్లు తన లోపాలను దాచుకొంటుంది.

మండువా ఇంటిలో కప్పు నాలుగు వైపుల నుంచి లోపలి వాకిలి మీదికి వాలుతుంది. వాన నీరంతా ఆ మండువాలో పడి తూము గుండా బయటికి పోవాలి. రెండు వాలులు కలిసే లోపలి మూలలే ఈ ఇళ్ళ బలహీనత. నీరు ముందుగా కారేది అక్కడే, వాసం ముందుగా కుళ్ళేది అక్కడే. వడ్రంగి దూలాల నడుమను చూడలేదు. గోడలో దూలం కూర్చున్న చోటును సుత్తితో తట్టి, మొన ఉన్న పనిముట్టుతో గుచ్చి చూశాడు. గోడ చెమ్మను పీల్చుకునేది ఆ కొసలే. తాటి వాసాలలో చేవ ఉన్న నల్లని కర్ర గట్టిగానే ఉంది. తరువాతి కాలంలో వేసిన లేత తాటి వాసాలు పిండి రాలుతున్నాయి. బంగాళా పెంకులలో సగానికి పైగా తిరిగి వాడుకోవచ్చని తేల్చాడు.

మేస్త్రి గోడలు చూశాడు. సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడలవి. అటువంటి గోడ చెమ్మను పీల్చుకొని మెల్లగా వదులుతుంది. ఎవరో మంచి జరుగుతుందనుకొని కింది మూడడుగుల మేర సిమెంటు పూత పూయించారు. లోపలి చెమ్మకు దారి మూసుకుపోయి, పూతకు పైన ఉప్పు తేలి ఇటుక రాలుతోంది. "ఆయ్, గోడ తప్పేం లేదండి సాయిబు గారూ, పూతదే తప్పండి. గీకేసి మళ్ళీ సున్నం పూస్తే గోడ బతుకుతుందండి" అన్నాడు. పాత ఇంట్లో కింది భాగానికి మాత్రమే కొత్త రంగు గానీ, టైల్స్ గానీ కనిపిస్తే, ఆ వెనుక ఏముందో అడిగి తెలుసుకోవాలి.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా రెండు బీటలున్నాయి. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. దానితో పాటు పునాది కదులుతుంది. బీట పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నదే ముఖ్యం. మేస్త్రి బీటకు అడ్డంగా ఒక సన్నని గాజు ముక్కను సిమెంటుతో అతికి, గోడ మీద తేదీ రాశాడు. రెండు నెలల తరువాత చూస్తే గాజు పగలలేదు. బీట నిలకడగా ఉందని తెలిసింది.

ఇంటి వెనుక కొన్నేళ్ళ క్రితం వేసిన కాంక్రీటు గదే అన్నిటికంటే అధ్వాన్నంగా ఉంది. శ్లాబు పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయి. ఉప్పు నీటితోనో, ఉప్పు ఇసుకతోనో కలిపిన కాంక్రీటు సముద్ర తీర గ్రామాలలో ఇలాగే అవుతుంది. పైగా వీధి రోడ్డును వేసిన ప్రతిసారీ ఎత్తు పెంచినందువల్ల ఇంటి నేల రోడ్డు కంటే దిగువకు పోయింది. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఆ వీధిలో నీరు ఎంత ఎత్తు నిలిచిందో పొరుగు పెద్దలను అడిగి గోడ మీద గుర్తు పెట్టుకొన్నాము. బావి నీటిని రుచి చూశాము. ఇంటి కంటే ముందు పొరుగును చూడమన్న పెద్దల మాట కూడా ఈ పనితోనే తీరుతుంది.

లెక్క ఇలా తేలింది

ఆ రాత్రి చాప మీద కూర్చొని కాగితం మీద లెక్క వేశాము. ఇటువంటి బేరానికి వెళ్ళే ప్రతి కుటుంబమూ ఈ లెక్క వేసుకోవాలి. దీనిని చివరి నుంచి మొదటికి వేయాలి. ముందుగా, బాగు చేసిన తరువాత ఇల్లు ఎంత విలువ చేస్తుంది? అదే గ్రామంలో అంతే స్థలంలో మరమ్మతు చేసిన పాత ఇల్లు 36 లక్షలకు అమ్ముడైంది. అందులోంచి ఒక్కొక్కటీ తీసివేస్తూ రావాలి.

కప్పు దింపి, వాసాలు మార్చి, పెంకు తిరిగి వేయడానికి 4 లక్షలు. గోడలకు 2 లక్షలు. నేల ఎత్తు పెంచి, నీరు పోయే దారి వేయడానికి లక్షన్నర. వెనుక గది పడగొట్టి కట్టడానికి 2 లక్షలు. స్నానాల గది, మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, గొట్టాలకు 1 లక్షా 75 వేలు. కరెంటు పనికి లక్ష. తలుపులు, రంగులకు 75 వేలు. మొత్తం 13 లక్షలు.

పాత ఇంటిలో కప్పు విప్పేదాకా ఏముందో ఎవరికీ తెలియదు. అందుకని అయిదో వంతు, అంటే 2 లక్షల 60 వేలు అదనంగా పెట్టాము. దీనిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. డబ్బు చాలనప్పుడు ఇతరులు బ్యాంకు వడ్డీకి పోతారు. ఆ తలుపు మనకు మూసి ఉంది. సగం విప్పిన కప్పు కింద నిలబడి, పిల్లల్ని పెట్టుకొని, వడ్డీ అప్పు వైపు చూసే పరిస్థితి రాకూడదంటే ఆ అదనాన్ని ధర చెప్పక ముందే పక్కన పెట్టుకోవాలి. వడ్డీకి దూరంగా ఉండే సంకల్పం బేరం దగ్గరే మొదలవుతుంది.

స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. 18 లక్షల మీద అది 1 లక్షా 35 వేలు. పని జరిగే ఎనిమిది నెలలు అద్దె ఇంట్లో ఉండటానికి 48 వేలు. ఇవన్నీ 36 లక్షల నుంచి తీసివేస్తే 18 లక్షల 57 వేలు మిగులుతుంది. కొనేవాడు నష్టపోకుండా ఇవ్వగల గరిష్ఠ ధర అదే.

"పన్నెండు అనుకున్నావు, పద్దెనిమిదిన్నర దాకా ఇవ్వగలవు" అన్నాను. మేనల్లుడు కాగితం వైపు చాలాసేపు చూశాడు. "ఇవ్వగలిగినంత మాత్రాన ఇవ్వాలా మామూ? వాళ్ళు అడిగిందే పదిహేను కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అడిగిన దాని కంటే ఎక్కువ ఇవ్వాలని షరీఅత్ ఎవరినీ బలవంతపెట్టదు. అయితే వాళ్ళు పదిహేను ఎందుకు అడిగారన్నది చూడవలసి ఉంది.

రంగు కింద టేకు

ఆ వీధిలో సెంటు స్థలం 2 లక్షలు పలుకుతోంది. ఎనిమిది సెంట్లకు 16 లక్షలు. ఇల్లు పనికిరాదని, పడగొట్టించడానికే లక్ష అవుతుందని ఎవరో చెప్పగా విని, ఆ ఇంటి పెద్దావిడ పదిహేను చెప్పారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్లుగా, వచ్చిన ప్రతివాడూ ఆవిడ ముందు ఆ ఇంటిని తీసిపారేసి వెళ్ళాడు.

మండువా చుట్టూ ఎనిమిది స్తంభాలున్నాయి. వాటికి ఎన్నో సార్లు పూసిన పచ్చ ఎనామెల్ రంగు. వడ్రంగి ఒక స్తంభం మొదట్లో గోటి మందాన గీకి చూసి, నా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు: అది రంగం టేకు. మన పూర్వులు రంగూన్‌ను రంగం అనేవారు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకు ఓడలు నడిచిన రోజులలో అటువంటి కలప మన తీరానికి వచ్చేది. ఎనిమిది స్తంభాలు, సింహద్వారం, రెండు పెద్ద దూలాలు పాత కలప వ్యాపారికి అమ్మినా రెండున్నర నుంచి మూడు లక్షలు వస్తాయని అతని అంచనా. పడగొట్టే ఖర్చు పోను, ఆ ఆస్తి పడగొట్టి అమ్మినా పదిహేడున్నర నుంచి 18 లక్షలు వస్తుంది.

ఈ సంగతి మాకు తెలుసు. అమ్మే ఆవిడకు తెలియదు. మేనల్లుడు, "మనం అబద్ధం చెప్పడం లేదు కదా, ఊరుకుంటాం, అంతే" అన్నాడు.

చట్టం ఇక్కడ ఎంతవరకు నడుస్తుందో చెబుతాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, మామూలు జాగ్రత్తతో కొనేవానికి కనబడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. అమ్మేవాని హక్కు విలువను పెంచే సంగతి ఏదైనా కొనేవానికి తెలిసి, అమ్మేవానికి తెలియకపోతే కొనేవాడూ చెప్పాలి. ఆ మాట హక్కుకు సంబంధించినది మాత్రమే. స్తంభం ఏ కర్రో చెప్పమని ఆ చట్టం కొనేవాణ్ణి అడగదు. చట్టం ఆగిన చోటే ఈమాన్ పని మొదలవుతుంది.

నేను అతనికి హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) వృత్తాంతం చెప్పాను. ఆయన సేవకుడు ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరమాడి, యజమానిని వెంటబెట్టుకొని వచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి), ఇది అంతకంటే ఎక్కువ విలువైనదని తానే చెప్పి, నూరేసి చొప్పున పెంచుతూ 800 దిర్హములు చెల్లించారు. ఎందుకని అడిగితే, ప్రతి ముస్లిం పట్ల శ్రేయోభిలాషతో మెలగుతానని దైవప్రవక్త (స) చేతిలో ప్రమాణం చేశానని జవాబిచ్చారు. ఆ ప్రమాణం సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. గుర్రం వృత్తాంతాన్ని తబరానీ ఉల్లేఖించారు. ఆయనకు గుర్రాల గురించి తెలుసు, యజమానికి తెలియదు. తెలిసినవాడు తన జ్ఞానాన్ని ఎదుటివానికి వ్యతిరేకంగా వాడుకోలేదు.

బేరమాడవద్దని దీని అర్థం కాదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ జాబిర్ (రజి) ఒంటెకు బేరమాడారు. ఉన్న లోపాన్ని ఎత్తి చూపి ధర తగ్గించమని అడగడం న్యాయమే. మేము కారే కప్పునూ, శ్లాబునూ, నేల పల్లాన్నీ దాచకుండా చెప్పాము. ఉన్న విలువను లేదని చెప్పడం మాత్రం వేరు. ప్రజల వస్తువులకు విలువ తగ్గించవద్దని హజ్రత్ షుఐబ్ (అ) తన జాతికి చేసిన ఉపదేశం అఅరాఫ్ సూరా 85వ ఆయతులో ఉంది. అది తూకం రాళ్ళకే కాదు, నోటి మాటకూ వర్తిస్తుంది.

ఆ ధర ఎవరి జేబులోంచి తగ్గుతుంది?

ఇంతలో మరో సంగతి బయటపడింది. ఆ ఇంటి యజమాని మరణించే నాటికి భార్య, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. తరువాత పెద్ద కుమారుడు కూడా మరణించాడు. అతనికి భార్య, ఒక బాబు, ఒక పాప. చిన్న కుమారుడు ఖతర్‌లో ఉన్నాడు. తల్లీ, చిన్న కుమారుడూ సంతకాలు చేస్తే సరిపోతుందని వారి అభిప్రాయం. ఆడపిల్లలకు పెళ్ళిలో ఇచ్చాం కదా అన్నారు.

పెళ్ళిలో ఇచ్చినది కానుక. అల్లాహ్ నిర్ణయించిన వాటా దానితో తీరదు. అప్పులూ, వసీయతూ తీరిన తరువాత నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం వాటాలు నడుస్తాయి. 18 లక్షలకు లెక్కిస్తే భార్యకు ఎనిమిదో వంతు 2,25,000. మిగిలిన 15,75,000లో కుమారునికి 5,25,000 చొప్పున, కుమార్తెకు 2,62,500 చొప్పున. మరణించిన కుమారుని 5,25,000లో తల్లికి ఆరో వంతు 87,500, అతని భార్యకు ఎనిమిదో వంతు 65,625 పోగా, 3,71,875 ఆ ఇద్దరు పిల్లలది. అందులో పాప వాటా సుమారు 1,24,000.

అదే ఇల్లు 12 లక్షలకు అమ్మితే పిల్లల ఇద్దరి వాటా 2,48,000కు దిగిపోతుంది. తగ్గిన 1,24,000 ఆ పాప మొత్తం వాటాకు సమానం. ఈ అంకె చూపించినప్పుడు మా మేనల్లుడు పెన్ను కింద పెట్టాడు. అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారన్న హెచ్చరిక నిసా సూరా పదో ఆయతులో ఉంది. బేరంలో గెలిచానని సంతోషించే మనిషి తాను గెలిచింది ఎవరి మీదో తెలుసుకోడు.

ధర ఎంత తగ్గితే అన్యాయం అన్న ప్రశ్నకు హనఫీ ఫుఖహా జవాబిచ్చారు. నిపుణుల అంచనాలలో దేనికీ అందని తేడాను "గబ్నె ఫాహిష్" అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఉస్మానియా రాజ్యంలో హనఫీ ఫిఖహ్‌ను క్రోడీకరించిన 'మజల్లా' దానికి హద్దులు కూడా పెట్టింది: సరుకులలో ఇరవయ్యో వంతు, పశువులలో పదో వంతు, స్థిరాస్తిలో అయిదో వంతు. 18 లక్షలలో అయిదో వంతు తీస్తే 14 లక్షల 40 వేలు. పన్నెండు ఆ గీతకు చాలా దిగువన ఉంది. మామూలు ఆస్తిలో, మోసం కలవకపోతే, ఇంతటి తేడా ఒక్కటే అమ్మకాన్ని రద్దు చేయదు. అనాథల ఆస్తి, వక్ఫ్ ఆస్తి అయితే అంత తక్కువకు జరిగిన అమ్మకం చెల్లనే చెల్లదని అదే గ్రంథం చెబుతుంది.

ఇంట్లో వచ్చిన అభ్యంతరం

మా మేనకోడలికి, అంటే మేనల్లుడి భార్యకు, ఇది నచ్చలేదు. "పదకొండేళ్ళు ఆయన లేకుండా పిల్లల్ని పెంచాను మామూ. మనమే చెప్పి మన ధర పెంచుకోవడమా? ఆ మూడు లక్షలు నా పిల్లలవి కావా?" అంది. ఆమె కోపంలో అన్యాయం లేదు. ఆ డబ్బులో ఆమె ఒంటరితనం కూడా ఉంది. నేను వాదించలేదు. ఆ కాగితం ఆమెకు ఇచ్చి, మన చేతిలో ఉన్న 34 లక్షలలో ఈ ఇల్లు ఇముడుతుందో లేదో నువ్వే చూడమన్నాను. ఇల్లు ఇమడకపోతే కొనకుండా వదిలేయడం తప్పు కాదు. ఇమిడేలా చేయడానికి ఎదుటివారి హక్కును కోయడమే తప్పు.

దారి చివరకు ఆమే చూపింది. అన్నీ కలిపితే 35 లక్షల 43 వేలు అవుతుంది. వెనుక గదిని రెండు మూడేళ్ళ తరువాత కట్టుకోవచ్చు, ఇప్పటికి పడగొట్టి వదిలేద్దామంది. ఆ గది ఖర్చూ, దాని మీది అదనమూ తీసివేస్తే 33 లక్షల చిల్లరకు దిగింది. "మరి వంటగది మాత్రం నేను చెప్పినట్లు కట్టాలి" అని షరతు పెట్టింది.

మేము వెళ్ళి పెద్దావిడతో స్తంభాల సంగతి చెప్పాము. ఆవిడ లేచి ఒక స్తంభం మీద చేయి వేసి, "మా మామగారు చెప్పేవారు, నేనే మరిచిపోయాను మౌల్వీ సాబ్" అన్నారు. మేనల్లుడు 18 లక్షలు చెప్పాడు. కావాలంటే ఇంకెవరినైనా అడిగి చూడండి, నెల రోజులు ఆగుతామన్నాడు. పక్కింటివారిని కూడా అడిగాము. బుఖారీ ఉల్లేఖనం ప్రకారం, హజ్రత్ అబూ రాఫె (రజి) తన ఇంటి గదులకు వేరేచోట 500 దీనార్లు వస్తున్నా, సమీపంలో ఉన్నవానికే ఎక్కువ హక్కు ఉందన్న ప్రవక్త (స) బోధను పాటించి, పొరుగున ఉన్న హజ్రత్ సఅద్ (రజి)కు వాయిదాల మీద నాలుగు వేలకే ఇచ్చారు. షుఫా అనబడే ఆ హక్కు మన ప్రాంతంలో కోర్టు ద్వారా రాబట్టుకునేది కాకపోయినా, పొరుగువానికి ఒక మాట చెప్పడానికి కోర్టు అవసరం లేదు. వారు వద్దన్నారు.

కాగితాల పని

ఈ విషయంలో మన కుటుంబాలు చేసే పొరపాట్లు కొన్ని చెప్పి ముగిస్తాను.

ఇంటి పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. గ్రామకంఠం స్థలాలలో చాలామంది దగ్గర అదొక్కటే ఉంటుంది. పాత దస్తావేజులు, ఈసీ తీయించి చూడాలి. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా 22ఎ లో ఆ సర్వే నంబరు ఉందేమో, ముఖ్యంగా వక్ఫ్ భూమి అవునేమో చూడాలి.

వారసులందరూ, ఆడపిల్లలతో సహా, సంతకం చేయాలి. ఒకరు చేయకపోతే వారి వాటా మీకు రాదు. విదేశంలో ఉన్నవారు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించాలి. అమ్మేవారిలో ప్రవాసులుంటే వారి వాటాకు ఆదాయపు పన్ను ముందే పట్టుకొని చెల్లించవలసింది కొనేవారే. ఆడిటరును అడగండి.

మైనర్ల విషయం అన్నిటికంటే ముఖ్యం. మన దేశంలో అమలులో ఉన్న ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి, తాత లేదా వారు నియమించినవారే పిల్లల ఆస్తికి సంరక్షకులు. తల్లి సంతకం చాలదని ప్రీవీ కౌన్సిల్ 1918లోనే తీర్పు చెప్పింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా న్యాయస్థానం అనుమతి తీసుకోవాలి.

బయానా ఇచ్చేటప్పుడు షరతులన్నీ కాగితం మీద పెట్టండి. బేరం చెడితే బయానా మింగేయడం హనఫీ మతంలో సరికాదు. ఇరవై వేలకు మించి నగదు ఇచ్చిపుచ్చుకోవడం చట్ట విరుద్ధం. దస్తావేజులో తక్కువ ధర రాయడం అబద్ధ సాక్ష్యమే. బఖరా సూరా 282వ ఆయతు అప్పుల వ్యవహారాన్ని రాయమనీ, అమ్మకానికి సాక్షుల్ని పెట్టుకోమనీ ఆదేశిస్తోంది. గల్ఫ్‌లో కూర్చొని వీడియోలో చూసి కొనేవారికి, తరువాత కళ్ళతో చూసి కాదనే హక్కు హనఫీ ఫిఖహ్‌లో ఉంది. సేల్ డీడ్ అయిన తరువాత కోర్టు దానిని గుర్తించదు. కనుక డబ్బు పంపే ముందే ఒకరు స్వయంగా చూడాలి.

నేను ఇది రాసే నాటికి న్యాయస్థానం అనుమతి ఇంకా రాలేదు. ఆలస్యం వల్ల మా మేనల్లుడికి అద్దె పెరుగుతోంది. వానాకాలం మొదలు కాగానే అతను మేస్త్రిని పంపి, ఇంకా తనది కాని ఆ కప్పు మీద తన ఖర్చుతో టార్పాలిన్ కప్పించాడు. కింద ఆ పెద్దావిడ ఉంటున్నారు. నేను చెప్పి చేయించిన పని కాదది.

క్రయవిక్రయాలలో నిజం చెప్పి, లోపాలను వెల్లడించుకున్న ఇద్దరికీ శుభం కలుగుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. మన ఇళ్ళు ఎవరి కన్నీటి మీదా లేవకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.